ఇంకో మీటరు బాబాయి

బాబాయి తన జన్మలో ఎవరికీ అడిగినంత గొలుసు అమ్మిన పాపాన పోలేదు.

రేవులో లంగర్లూ గొలుసులూ తాళ్ళూ అమ్మే కొట్లు ఇంకో మూడున్నాయి. వాటిలో "అయిదు మీటర్లు" అంటే అయిదు మీటర్లు కోసి, సంచీలో వేసి, నవ్వి పంపించేవారు. బాబాయి కొట్లో అలా కుదరదు. అయిదు మీటర్లు అడిగినవాణ్ణి ఆయన ముందు కళ్ళజోడు పైనుంచి చూస్తాడు, తరవాత కళ్ళజోడులోంచి చూస్తాడు, ఆ తరవాత బల్ల కిందినుంచి స్టూలు లాగి "కూర్చో" అంటాడు. స్టూలు బయటికొచ్చిందంటే ఆ మనిషి ఆ పూటకి ఇల్లు చేరినట్టే.

"లోతెంత?"

"దేని లోతు బాబాయ్?"

"లంగరు వేసేచోట నీళ్ళ లోతు."

"నాలుగు మీటర్లుంటుందేమో."

"పోటు మీదా, ఆటు మీదా?"

"చూళ్ళేదు."

"చూళ్ళేదు. సరే. అడుగున ఇసుకా, బురదా, రాళ్ళా?"

"అడుక్కి నేనెప్పుడూ వెళ్ళలేదు బాబాయ్."

"అయిదు మీటర్లతో త్వరలోనే వెళ్తావు. బోటెక్కేది ఎవరెవరు?"

"నేనూ, మా ఆవిడా, మా అత్తగారూ."

"అత్తగారికి ఈతొచ్చా?"

"ఆ మాట ఆవిణ్ణి నేనెలా అడగను? మనసులో ఏదో పెట్టుకుని అడిగాననుకోదూ!"

"అడగాల్సిందే. వెళ్ళి అడిగి రా. కొట్టు ఎక్కడికీ పోదు."

ఇన్ని ప్రశ్నలకీ జవాబులొచ్చాక ఆయన గోడమీద సుద్దముక్కతో కూడికలు, హెచ్చవేతలు చేసి ఓ అంకె తేల్చేవాడు. అది కొనేవాడు అడిగినదానికి రెట్టింపో మూడు రెట్లో ఉండేది. దానికే ఆ మనిషి గుండె పట్టుకుంటే, సరిగ్గా కోసే ముందు బాబాయి ఓ క్షణం ఆగి, ఎటో చూసి, "ఇంకో మీటరు" అని మరో మీటరు లాగేవాడు. ఒక్కోసారి రెండు లాగేవాడు. ఎందుకని అడిగితే "ఉండనీ" అనేవాడు. అందుకే రేవంతా ఆయన్ని 'ఇంకో మీటరు బాబాయి' అనేది.

ఓసారి దారి తప్పిన పెద్దమనిషి ఒకడు కుక్కకి గొలుసు కావాలని వచ్చాడు. బాబాయి అలవాటు కొద్దీ లోతెంత అని అడిగాడు. అది కుక్క అనీ, పెరట్లో ఉంటుందనీ ఆయన చెప్పుకున్నాడు. "పెరడు పొడవెంత? గాలి ఎటు? పక్కింట్లో పిల్లి ఉందా?" అంటూ అరగంట విచారణ జరిగాక పెద్దమనిషి పద్నాలుగు మీటర్ల గొలుసు భుజాన వేసుకుని వెళ్ళాడు. ఆ కుక్క ఇప్పుడు మూడిళ్ళకి కాపలా కాస్తోందనీ, మూడిళ్ళవాళ్ళూ వంతులేసుకుని దానికి అన్నం పెడుతున్నారనీ వినికిడి.

బాబాయి అల్లుడు పళ్ళ డాక్టరు. ఈ విచారణని అతను మొదటిసారి ఎదుర్కొన్నది గొలుసు కోసం కాదు, పిల్ల కోసం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చదువూ సంపాదనా ఏ వరసలో చెప్పాలో దారంతా వల్లె వేసుకుంటూ కొట్టుకి వచ్చాడు. బాబాయి స్టూలు లాగాడు.

"ఈతొచ్చా?"

"వచ్చండీ."

"ఎంత దూరం?"

"రెండొందల మీటర్లు ఈదగలనండీ."

"అలలుంటే?"

"అలలుంటే... నూటయాభై."

బాబాయి ఆ అంకె గోడమీద సుద్దముక్కతో వేశాడు. "మా అమ్మాయి అయిదొందలు ఈదుతుంది. ఫర్వాలేదు, అవసరమైతే అదే మిమ్మల్ని లాక్కొస్తుంది. చేసుకోండి" అన్నాడు. చదువు సంగతి పెళ్ళయిన ఏడాదికి గాని అడగలేదు. అదీ తన పన్ను నొప్పెట్టిన రోజున.

పదకొండేళ్ళు జనం నోళ్ళలోకి తొంగిచూసి చూసి, నోరులేనిదాన్ని దేన్నయినా చూడాలనిపించి డాక్టరు చిన్న మోటారు బోటు కొన్నాడు. పొడవు అయిదున్నర మీటర్లు. మెత్తటి సీట్లు ఆరు, పాటలు వినిపించే డబ్బాలు నాలుగు, గ్లాసులు నిలబెట్టుకునే గుంటలు తొమ్మిది. ఆరుగురు ఎక్కే బోటులో తొమ్మిది గ్లాసులెందుకో అమ్మినవాడూ చెప్పలేదు, కొన్నవాడూ అడగలేదు. లంగరు మాత్రం బోటుతోపాటు ఉచితంగా వచ్చింది. దానికి మూరెడు గొలుసు. చెవికి పెట్టుకునే లోలకులా తళతళలాడుతూ ముచ్చటగా ఉండేది.

బోటున్నవాడు క్లబ్బులో చేరాలి కాబట్టి చేరాడు. ఆ బోటు క్లబ్బుని నడిపేది కార్యదర్శి. నీటిపన్ను వసూలు కార్యాలయంలో ముప్ఫైయేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. నీటితో ఆయనకున్న పరిచయం అంతవరకే. బోటెక్కితే కడుపులో తిప్పుతుందని ఎప్పుడూ ఎక్కలేదు గాని, బంగారు జరీ అంచున్న కెప్టెన్ టోపీ మాత్రం భోజనానికి కూర్చున్నప్పుడు కూడా తీసేవాడు కాదు. ఆయన చేతికింద క్లబ్బులో పద్దెనిమిది ఉపసంఘాలుండేవి. సభ్యులు ఇరవైరెండుమంది.

ఓ రోజు కార్యదర్శి పోయిన ఏడాది వార్షికోత్సవం ఫోటో డాక్టరుకి చూపించాడు. రేవులో బోట్లన్నీ లంగర్లు వేసి నిలబడ్డాయి. ఒకటి ఇటు తిరిగి, ఒకటి అటు జరిగి, ఒకటి వెనక్కి పోయి ఉంది.

"ఎలా ఉంది డాక్టరుగారూ?"

"పళ్ళు వంకరగా మొలిచినట్టున్నాయండీ" అన్నాడు డాక్టరు, ఊరికే నోరు జారి.

కార్యదర్శి మొహం మాడిపోయింది. మూడు రోజుల్లో 'సరళరేఖ ఉపసంఘం' ఏర్పడింది. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. బోట్లు వంకరగా నిలవడానికి కారణం పొడుగాటి గొలుసులేననీ, ఈ పదో వార్షికోత్సవానికి ఏ బోటు గొలుసూ తొమ్మిది మీటర్లకి మించరాదనీ, మించినవాళ్ళకి ఫోటోలో చోటుండదనీ దాని సారాంశం. కింద ఉపసంఘం సాంకేతిక సలహాదారుగా పళ్ళ డాక్టరు పేరుంది. తన సలహా ఏమిటో డాక్టరుకి అప్పుడే తెలిసింది. అయినా అచ్చులో పేరు చూసుకుని లోలోపల కాస్త పొంగిపోయాడని ఒప్పుకోవాలి.

ఆ పొంగుమీదే మామగారి కొట్టుకి వెళ్ళాడు.

"తొమ్మిది మీటర్ల గొలుసు కావాలి మామయ్యగారూ."

స్టూలు బయటికొచ్చింది.

"వార్షికోత్సవం జరిగేచోటు లోతు నాలుగు," అన్నాడు బాబాయి, అల్లుడి జవాబుల కోసం చూడకుండా. "మధ్యాహ్నం పోటు. దానికో రెండు. బోటు ముక్కు నీటికి ఎంతెత్తు?"

"మీటరుంటుంది."

"మొత్తం ఏడు. తొమ్మిది మీటర్ల గొలుసంటే నిలువునా వేలాడ్డానికే సరిపోతుంది. అల్లుడుగారూ, మీరు పన్ను పీకేటప్పుడు పక్కకి లాగుతారా, పైకి లాగుతారా?"

"కొంచెం కదిపి, పైకే లాగుతాను."

"మీ బోటు కూడా సరిగ్గా అదే చేస్తుంది. అలకి లేచినప్పుడల్లా కొంచెం కదుపుతుంది, పైకి లాగుతుంది. మత్తుమందు కూడా అక్కర్లేకుండా లంగరు ఊడి చేతికొస్తుంది. గొలుసు నేలమీద పడుకుని ఉండాలి. అప్పుడు లాగుడు అడ్డంగా ఉంటుంది. అడ్డంగా లాగేకొద్దీ లంగరు ఇంకా లోపలికి దిగుతుంది."

డాక్టరు మొహంలో నమ్మకం కనబడకపోయేసరికి బాబాయి అతన్ని వీధిలోకి లాక్కెళ్ళాడు. కొట్టు ముందు ఇసుక బస్తా ఒకటి విప్పి కుమ్మరించి, అందులో లంగరు పెట్టి, జానెడు గొలుసు అల్లుడి చేతికిచ్చి లాగమన్నాడు. ఒక్క లాగుకే లంగరు ఎగిరి డాక్టరు మోకాలికి తగిలింది. తరవాత పన్నెండు మీటర్ల గొలుసు వీధి పొడవునా పరిచి, ఆ చివర్నుంచి లాగమన్నాడు. డాక్టరు లాగాడు. లంగరు ఇసుకలోకి దిగింది. ఇంకా లాగాడు. ఇంకా దిగింది. ఈలోగా వీధికి అటు మూడు కార్లు, ఇటు ఒక చెత్తబండి ఆగిపోయాయి. తన దగ్గర చిగుళ్ళవైద్యం చేయించుకుంటున్న ఇద్దరు ఆ కార్లలోంచి తనని చూడ్డం డాక్టరు చూశాడు. వాళ్ళు నోళ్ళు తెరిచే ఉన్నారు.

"గాలికి ఆగాలంటే లోతుకి ఏడు రెట్లుండాలి. ఏడుకి ఏడు రెట్లు, నలభైతొమ్మిది," అన్నాడు బాబాయి గొలుసు చుడుతూ. "అంతా గొలుసైతే బరువుకి మీ బోటు ముక్కు నీళ్ళు తాగుతుంది. అంచేత లంగరు దగ్గర పన్నెండు మీటర్లు గొలుసు, ఆపైన ముప్ఫైయేడు తాడు. మీ అమ్మగారు కూడా ఎక్కుతారా?"

"ఎక్కుతుంది."

"ఈతొచ్చా?"

"రాదు. కానీ ఒప్పుకోదు."

బాబాయి ఎటో చూశాడు. "అయితే ఇంకో మీటరు."

"మామయ్యగారూ, నేను సలహాదారుణ్ణి! నా బోటే నిబంధన తప్పితే ఎలా? నాకు తొమ్మిదే కావాలి."

"లేదు."

"గొలుసు లేదా?"

"ఉంది. తొమ్మిది లేదు."

డాక్టరుకొక్కడికే కాదు, సభ్యులెవరికీ తొమ్మిది దొరకలేదు. మిగతా కొట్లలో కొనొచ్చు గాని, లంగరు సామానుకి బాబాయి కొట్టే నమ్మకమని అందరికీ లోపల తెలుసు. ఆఖరికి కార్యదర్శే టోపీ సర్దుకుంటూ కొట్టుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరు ఇనుము అమ్ముకోడానికి జనాన్ని భయపెడుతున్నారు!"

"జనం ఈత నేర్చుకుంటే గొలుసు తక్కువే అమ్ముతాను. మీకొచ్చా?"

"క్లబ్బు వ్యవహారంలో నా ఈత ప్రస్తావన అనవసరం."

"అంటే రాదు."

"బాబాయిగారూ! ఇరవైరెండు బోట్లూ గీత గీసినట్టు నిలబడాలి. అది సంఘం తీర్మానం. దానికి తిరుగులేదు."

బాబాయి గోడమీది సుద్దలెక్కలు ఓసారి చూశాడు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. తొమ్మిది మీటర్లే. బిల్లు కూడా తొమ్మిదికే. కానీ ప్రతి బోటుకీ బిగించేది నేనే" అన్నాడు.

ఈ వార్త రేవులో గుప్పుమంది. బాబాయి కొట్టుకి వచ్చినవాళ్ళు తొమ్మిది మీటర్లు అడిగితే తొమ్మిదే ఇస్తున్నాడట! స్టూలు బల్ల కింద బూజుపడుతోందట! తెల్లారకముందే సామాను బండిమీద వేసుకుని, మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ, ఒక్కో బోటు ముక్కు దగ్గర గొలుసు పెట్టే పెట్టెలో తల దూర్చి గంటలకొద్దీ బిగిస్తున్నాడట! వారంరోజులు ఆ పెట్టెల్లోంచి ఆయన చెప్పులు మాత్రమే కనిపించాయి.

డాక్టరు బోటు వంతొచ్చినప్పుడు ఆయన ఒక్క ప్రశ్నా అడగలేదు. పని కానిచ్చి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. గెలిచింది తనే అయినా డాక్టరుకి సంతోషం కలగలేదు. పన్ను ఊడినచోటికి నాలుక పోయినట్టు మనసు మాటిమాటికీ అక్కడికే పోయింది.

"మీ నాన్నగారు మారిపోయారు," అన్నాడు భార్యతో.

"మా నాన్న ఎదురు చెప్పకుండా ఒప్పుకున్నాడంటే జ్వరమైనా వచ్చుండాలి, ఎత్తయినా వేసుండాలి," అందావిడ. "నుదురు పట్టుకు చూశాను. చల్లగానే ఉంది."

వార్షికోత్సవం నాడు ఉదయం గాలి లేదు. ఇరవైరెండు బోట్లూ గీత గీసినట్టు నిలబడ్డాయి. కట్టుడుపళ్ళకి కూడా అంత వరస రాదనిపించింది డాక్టరుకి. అతని బోటులో భార్యా, గొడుగు కింద తల్లీ ఉన్నారు. ఆవిడ సీటుని రెండు చేతులతో పట్టుకుని, "నాకేం భయం లేదురా, ఈ సీటే కాస్త జారుతోంది" అంటోంది.

బోట్ల వరసకి ఎదురుగా ఖాళీ పీపాల మీద చెక్కలు పరిచి కట్టిన తేలే వేదిక ఉంది. దానిమీద కుర్చీ, మైకు, టోపీతో సహా కార్యదర్శి ఉన్నారు. కదలదని నలుగురూ హామీ ఇచ్చాకే ఆయన అది ఎక్కాడు. పైగా వేదిక లంగరుకి గొలుసు ఆయనే స్వయంగా వేరే కొట్లో కొన్నాడు. తొమ్మిది మీటర్లు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు.

"సభ్యులారా!" అంది మైకు. "క్రమశిక్షణ అంటే ఏమిటి? ఉన్నచోటినుంచి కదలకపోవడం!"

సరిగ్గా అప్పుడే గాలి లేచింది. ఒడ్డుమీది ఆకులూ కాగితాలూ ముందు వచ్చాయి, వెనకే అలలొచ్చాయి. మధ్యాహ్నమైంది, పోటు నిండుగా ఉంది. బోట్లు ఒక్కసారిగా ముక్కులెత్తి గొలుసుల్ని గుంజాయి. డాక్టరుకి మామగారి మాట గుర్తొచ్చింది. పైకి లాగడం, కొంచెం కదపడం, మళ్ళీ పైకి లాగడం! తన బోటు ముక్కు లేచినప్పుడల్లా పన్ను పీకే పట్టకారు తన చేతిలోనే ఉన్నట్టనిపించింది. ఒడ్డునుంచి వీచే గాలి, వెనక అంతా సముద్రం. తల్లి గొడుగు వదిలేసి కొడుకు చొక్కా పట్టుకుంది.

ఇంతలో బోటు ముక్కు దగ్గర టప్‌మని ఏదో తెగింది. గడగడగడమని గొలుసు, దాని వెనకే సర్రుమని తాడు పెట్టెలోంచి బయటికి పరిగెత్తాయి. బోటు వెనక్కి జారింది, జారింది, జారింది. ఆగింది. కట్టేసినట్టు ఆగిపోయింది. పక్క బోటులోనూ టప్, గడగడ, సర్రు. దాని పక్కదాంట్లోనూ అంతే. వరస మొత్తం వాయిద్యం వాయించినట్టు ఇరవైరెండుసార్లు మోగింది.

డాక్టరు భార్య పెట్టెలోకి తొంగిచూసి, తెగిన సన్నపు పురికొస ముక్క బయటికి తీసి, పకపకా నవ్వింది. "చూశారా! తొమ్మిది మీటర్ల దగ్గర దీంతో కట్టాడు. మిగతాది కింద చుట్టి దాచాడు. లంగరు కదిలేలోపల ఇదే తెగాలి. అందుకే వారంరోజులు ఆ పెట్టెల్లో తల పెట్టుకు కూచున్నాడు!"

బోట్లన్నీ నలభై మీటర్లు వెనక్కి జరిగి, అన్నీ ఒకేవైపు తిరిగి, మళ్ళీ వరసలో నిలబడ్డాయి. చెప్పొద్దూ, మొదటి వరసకంటే ఇదే బాగుంది. ఒడ్డుమీది ఫోటోగ్రాఫరు తీసింది ఈ ఫోటోయే.

వేదికమీది కార్యదర్శికి మాత్రం కనిపించిన దృశ్యం వేరు. సభ్యులంతా తన ప్రసంగం మధ్యలో లేచి వెనక్కి వెళ్ళిపోతున్నారు!

"సభ ముగియకుండా ఎవరూ కదలరాదు!" అని గర్జించాడు. ఆ తరవాత బోట్లు ఆగిపోయి, మెల్లగా తన దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. "భేష్! అలా రండి!" అన్నాడు. బోట్లు ఆయన పక్కకొచ్చాయి. ఆయన పక్కనుంచి దాటిపోయాయి. కదులుతున్నది తనేనని అప్పుడర్థమైంది. మైకులో ఒక్క మాట వినబడింది. అది ప్రసంగంలోది కాదు.

ఒడ్డునుంచి టుకుటుకుమంటూ బాబాయి పాత బోటు వచ్చింది. దానికి మెత్తటి సీట్లు లేవు, గ్లాసుల గుంటలు అసలే లేవు. డాక్టరు బోటు పక్కన నెమ్మది చేసి, "అల్లుడుగారూ, ఓ చెయ్యి వెయ్యండి" అన్నాడు. డాక్టరు అందులోకి దూకాడు. రేవు దాటబోయేచోట వేదికని అందుకున్నారు. కార్యదర్శి కుర్చీని కావలించుకుని కూర్చున్నాడు. టోపీ ఒక చెవిమీదికి దిగింది. మొహం పాలిపోయి ఉంది.

బాబాయి తాడు చుట్ట చేత్తో పట్టుకుని ఆగాడు. "ఎంత తాడు వెయ్యమంటారు కార్యదర్శిగారూ? సంఘం తీర్మానం ప్రకారం ఎంతుండాలి?"

"మీ ఇష్టం బాబాయ్! మీరెంతంటే అంత! ఇంకో మీటరు వెయ్యండి! ఇంకో పది వెయ్యండి!"

"అంతొద్దు లెండి, చిక్కుపడుతుంది," అన్నాడు బాబాయి, తాడు విసురుతూ. ఎవరైనా ఎక్కువ అడిగితే ఆయన తక్కువ ఇవ్వడం రేవు చరిత్రలో అదే మొదలు.

వేదికని లాక్కొచ్చి కట్టేశాక, తాడు లోపల పెట్టడానికి డాక్టరు మామగారి బోటు ముక్కు దగ్గరి పెట్టె మూత ఎత్తాడు. మూత అడుగున నల్లటి సిరాతో పెద్ద అక్షరాల్లో ఒక్క మాట రాసుంది: 'నేను.' పక్కన ఒకటి అంకె. ఏమిటని అడిగేలోపల బాబాయి మూత వేసేసి, "గాలికి జలుబు చేస్తుంది, ఇంటికి పదండి" అన్నాడు.

గాలి తగ్గాక డాక్టరు తన బోటులోని మూత ఎత్తి చూశాడు. అడుగున అదే చేతిరాత: 'చెల్లెమ్మగారు. రాదు. ఒప్పుకోరు. 1.' వియ్యపురాల్ని బాబాయి చెల్లెమ్మగారూ అనే పిలుస్తాడు. డాక్టరు పక్క బోటుకి వెళ్ళాడు: 'ఇద్దరు పిల్లలు. పెద్దవాడు వచ్చంటాడు. నమ్మొద్దు. 2.' ఆ పక్కది: 'తాతగారు. ఒకప్పుడు వచ్చు. ఇప్పుడు మోకాళ్ళు. 1.' ఇంకోటి: 'కొత్త కోడలు. నీళ్ళంటే భయం. మొగుడికి ఇంకా చెప్పలేదు. 1.' ఇరవైరెండు మూతలూ చూశాడు. ఈదలేని మనిషి ఒకరుంటే ఒక మీటరు, ఇద్దరుంటే రెండు. తొమ్మిదికే బిల్లు రాసి, మిగతా గొలుసూ తాడూ అంతా కొట్లోంచి తెచ్చి ఆ పెట్టెల్లో పెట్టేశాడు. మర్నాడు కొట్టుకి వెళితే గొలుసు చుట్టిపెట్టే పెద్ద చక్రం ఖాళీగా, ఇనప ఎముకల గూడులా నిలబడి ఉంది.

"మామయ్యగారూ, ఏడు రెట్లు చాలుకదా. లెక్క ప్రకారం ఆ పై మీటరు అక్కర్లేదు."

"అక్కర్లేదు."

"మరెందుకు?"

బాబాయి కళ్ళజోడు తీసి అవసరానికి మించి తుడిచాడు. "లెక్క బోటు కోసం అల్లుడుగారూ. ఆ మీటరు నాకోసం. నేను అమ్మిన గొలుసు పట్టుకుని ఎవరో ముసలావిడ నీళ్ళమీద కూచునుంటుంది. ఇక్కడ నాకు నిద్రపట్టద్దూ?"

"మీ బోటులో 'నేను' అని..."

"మూతలు ఎత్తి చూడ్డం మంచి అలవాటు కాదు."

"మామయ్యగారూ! మీకు ఈత రాదా?"

బాబాయి వీధిలోకి చూశాడు. వీధిలో ఆయన్ని కాపాడేవాళ్ళెవరూ లేరు. "కొట్టు చూసుకునేసరికే పొద్దు సరిపోయింది," అన్నాడు.

ఈ మాట ఇంట్లో చెప్తే డాక్టరు భార్య నెత్తి కొట్టుకుంది. "అయిదేళ్ళప్పుడు నన్ను నీళ్ళలో దింపి, 'చెయ్యి చాచు! కాలు ఆడించు!' అని ఒడ్డున నిలబడి గొంతు పోయేలా అరిచి నేర్పించాడండీ. ఈయన నీళ్ళలోకి ఎందుకు దిగడో ఒక్కరోజూ నాకు తట్టలేదు!" అని, ఏడవబోయి, నవ్వు ఆపుకోలేక, ఆ ఆదివారమే తండ్రిని రేవు పక్కన మొలలోతు నీళ్ళున్నచోటికి చెయ్యిపట్టుకు తీసుకెళ్ళింది. అత్తగారిని కూడా బయల్దేరదీసింది. ఆవిడ, "నాకెప్పుడో వచ్చు, కాస్త మరుపొచ్చిందంతే. అన్నయ్యగారికి తోడుగా వస్తాను" అంది.

"చెల్లెమ్మగారూ, కాళ్ళు ఆడించండి!"

"ముందు మీరు నా భుజం వదలండి అన్నయ్యగారూ!"

"నేను పట్టుకున్నది మీకు ధైర్యం చెప్పడానికి."

"ఆ ధైర్యం కాస్త మెల్లగా చెప్పండి, ఎముక విరిగేలా ఉంది."

ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని కూర్చోవడం డాక్టరు ఉద్యోగం. మూడో ఆదివారానికి వియ్యపురాలు పది బారలు ఈది, మరుపు పోయిందని ప్రకటించింది. బాబాయి మాత్రం తలెత్తి, మెడ బిగించి, కోపమొచ్చిన బాతులా రెండు బారలు వేసి నిలబడేవాడు. రెండూ బాగానే ఉండేవి. మూడోదే సమస్య.

నాలుగో ఆదివారం ఒడ్డున ఇసుకలో బూట్ల చప్పుడైంది. డాక్టరు తలతిప్పి చూస్తే కార్యదర్శి. తలమీద టోపీ, చంకలో గాలి నింపిన రబ్బరు చక్రం.

"క్లబ్బు తరఫున పరిశీలనకి వచ్చాను," అన్నాడు ఎటో చూస్తూ. "ఇక్కడ శిక్షణ సక్రమంగా జరుగుతోందా లేదా అని."

నీళ్ళలోంచి బాబాయి తల బయటపెట్టి, నోట్లోని ఉప్పునీళ్ళు ఊసి, పక్కకి జరిగి చోటిచ్చాడు. "బూట్లు విప్పి రండి," అన్నాడు. "టోపీ మీ ఇష్టం."

పదినిమిషాల తరవాత ముగ్గురూ వరసగా రేవు గట్టుని పట్టుకుని తేలుతూ, నీళ్ళు ఒడ్డుదాకా ఎగిరిపడేలా కాళ్ళు ఆడించసాగారు. టోపీ తడిసి ముద్దయిపోయింది. డాక్టరు తువ్వాలు అడ్డం పెట్టుకుని, మూడో తువ్వాలు తేవడానికి ఇంటికి లేచాడు.